మాగిందా, ఊరిందా, దిగిందా?

అమలాపురం (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారమండి. ఒక్క క్రియ దగ్గర మా ఇంట్లో పండగ మూడు రోజులూ వాదన నడిచింది. తేలలేదు. అందుకే ఇక్కడికి తెచ్చాను.

సంక్రాంతికి మా బావ అమెరికా నుంచి వస్తూ రెండు బర్బన్ సీసాలు తెచ్చాడు. మా పిన్ని కొడుకు హైదరాబాదు నుంచి ఇంకోటి తెచ్చాడు. కనుమ నాటి రాత్రి పెరట్లో కొబ్బరిచెట్ల కింద నవారు మంచాలు వేసుకుని నలుగురం కూర్చున్నాం. మూడు సీసాలూ వరసగా పెట్టి, ఒక్కో గ్లాసులో అడుగు తడిసేంత పోసుకుని, ముందు వాసన చూసి, తరవాత చుక్క నాలిక మీద వేసుకుని, ఏది ఎలా ఉందో చెప్పుకోవడం మొదలెట్టాం. తాగింది తక్కువ, మాట్లాడుకున్నది ఎక్కువ.

బర్బన్ అంటే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది బిస్కట్టే కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను. ఇది అమెరికా విస్కీ. కెంటకీ రాష్ట్రం దీనికి పుట్టిల్లు లాంటిది. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. బట్టీ పెట్టిన సరుకుని, లోపలంతా మంటతో కాల్చి బొగ్గుచేసిన కొత్త ఓక్ పీపాలో పొయ్యాలి. రంగు గాని రుచి గాని బయటినుంచి కలపకూడదు. బట్టీలోంచి వచ్చినప్పుడు అది నీళ్లంత తేటగా ఉంటుంది. సీసాలో మనం చూసే ఆ ముదురు తేనె రంగంతా కొయ్య ఇచ్చిందే.

మొదటిది మేకర్స్ మార్క్. మూతి మీద ఎర్ర లక్క కారి గడ్డకట్టి ఉంటుంది. ఇందులో మొక్కజొన్నకి జతగా గోధుమ వేస్తారు. రెండోది వైల్డ్ టర్కీ 101. అది ప్రూఫ్ లెక్క. అమెరికాలో ప్రూఫ్‌ని సగం చేస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది, అంటే 50.5. ఇందులో గోధుమ బదులు రై అనే ధాన్యం. మూడోది బఫలో ట్రేస్, 45 శాతం.

మా పెదనాన్నగారు నలభై ఏళ్లు కొబ్బరి వ్యాపారం చేసిన మనిషి. మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే "కురిడీ కొట్టినప్పటి వాసనరా ఇది" అన్నారు. బావ నమ్మలేదు. తరవాత నేను చదివి చూస్తే, ఓక్ కొయ్యలో లాక్టోన్ అనే పదార్థం ఉంటుందట, దాని వాసన కొబ్బరి వాసనే. అమెరికా తెల్ల ఓక్‌లో అది మరీ ఎక్కువ. పుస్తకం ముట్టుకోకుండా ముక్కుతోనే పట్టేశారాయన.

అసలు గొడవ ఆ వెంటనే మొదలైంది. పెదనాన్నగారు రెండో గుటక వేసి "బాగా మాగిందిరా సరుకు" అన్నారు. బావ "మాగడానికి ఇదేమన్నా మామిడిపండా మావయ్యగారూ? పీపాలో ఊరింది అనాలి" అన్నాడు. మా తమ్ముడు "రెండూ కాదు, కాఫీ డికాషన్ దిగినట్టు దిగింది" అన్నాడు. కొన్ని సీసాల మీద వయసు లెక్క రాస్తారు గాని, "ఆరేళ్ల వయసు విస్కీ" అని తెలుగులో అంటే దూడ గురించి చెప్పినట్టుంటుంది. "పాతది" అంటే ముక్కిపోయిన బియ్యం గుర్తొస్తుంది. ఏ క్రియ వాడాలి? పెద్దలు చెప్పండి.

మండపేట

మాగడమే సరైనదండి, మీ పెదనాన్నగారితో నేను ఏకీభవిస్తాను. మా వైపు మగ్గబెట్టడం, ముగ్గేయడం అని కూడా అంటాం. కాయ కోసి గడ్డిలో పెట్టి గది తలుపు వేసేస్తే, పైనుంచి ఎవరూ ఏమీ వెయ్యకుండానే పులుపు పోయి తీపి వస్తుంది. ఆ వేళకి గది తలుపు తీస్తే వాసనే చెబుతుంది ఎన్ని పళ్లు మగ్గాయో. "మగ్గు" అన్న మాట ఎన్నిచోట్ల వాడతామో చూడండి. పండు గడ్డిలో మగ్గుతుంది. వంకాయ కూర మూత కింద సెగ మీద మగ్గుతుంది. మనిషి ఖైదులో మగ్గుతాడు. మూడింటిలోనూ మూసిపెట్టడం ఉంది, కాలం ఉంది, లోపలి మార్పు ఉంది. పీపాకి ఇంతకంటే సరిపోయే మాట ఏముంది?

అమలాపురం

ఖైదు అన్నారు చూశారూ, అది అక్షరాలా జరిగిందండి. అమెరికావాళ్లు 1897లో ఒక చట్టం చేశారు. ఒకే బట్టీలో, ఒకే కాలంలో తీసిన సరుకుని సర్కారు నిఘాలో ఉన్న గిడ్డంగిలో తాళం వేసి కనీసం నాలుగేళ్లు ఉంచాలి, 100 ప్రూఫ్‌లో సీసాకెత్తాలి. అప్పుడే సీసా మీద ఆ హామీ రాసుకోనిచ్చేవారు. కల్తీ సరుకు పొంగిపొర్లుతున్న రోజుల్లో వచ్చిన చట్టం అది. ఇప్పటికీ ఆ హామీతో సీసాలు వస్తున్నాయి. నాలుగేళ్లు సర్కారు తాళం కింద మగ్గిన సరుకు!

పాలకొల్లు

బాబూ, సారా వల్ల మా పుట్టింట్లో పోయిన సుఖం ఎంతో నాకు తెలుసు. కాబట్టి గ్లాసు మీద నాకు ప్రేమ లేదు. మాట మీద ఉంది, అందుకే రాస్తున్నాను.

"ఊరు" అన్న క్రియని మీరు చిన్నచూపు చూస్తున్నారు. దానికి రెండు దారులున్నాయి. ముక్క ఉప్పులో ఊరుతుందంటే లోపలికి పీల్చుకోవడం. బావిలో నీరు ఊరుతుంది, నోరు ఊరుతుంది అంటే బయటికి రావడం. వేసవిలో గోదారి ఇసకలో చెలమ తీస్తే నీళ్లు ఊరేది ఈ రెండో లెక్కే. మాగాయ పెట్టినప్పుడు ఈ రెండూ ఒకే కుండలో కనబడతాయి. ముక్కలకి ఉప్పు పట్టించి మూడు రోజులు ఉంచితే ముక్క ఉప్పు పీల్చుకుని ఊట వదులుతుంది. ఆ ముక్కల్ని పిండి ఎండబెట్టి, మళ్లీ ఆ ఊటలోనే వేస్తే తన ఊటని తనే తాగేస్తుంది. మా అత్తగారు ఎండలోంచి తెచ్చిన ముక్క ఒకటి విరిచి లోపల తడి చూసి "ఇంకో ఎండ కావాలి" అనేవారు. మీ పీపాలో ఇలాంటిది ఏమైనా ఉందా? ఉంటే ఊరడం అనండి. లేకపోతే మీ పెదనాన్నగారి మాటే ఖాయం చేసుకోండి.

అమలాపురం

అక్కయ్యగారూ, మీ జవాబు చదివి నేను లేచి నిలబడ్డాను. అచ్చంగా అదే జరుగుతుందండి! వేసవిలో గిడ్డంగి వేడెక్కితే పీపాలో సరుకు పొంగి కొయ్యలోకి చొచ్చుకుపోతుంది. చలికాలం రాగానే ముడుచుకుని మళ్లీ బయటికొస్తుంది. వస్తూ కొయ్యలోని తీపిని, రంగుని, వాసనని పట్టుకొస్తుంది. కెంటకీలో ఎండా గట్టిదే, చలీ గట్టిదే. ఏటేటా ఈ రాకపోకలు జరుగుతూనే ఉంటాయి. పీపాని నిలువునా కోస్తే పలక మందంలో ఎంతవరకు చొరబడిందో ఒక గీత కనబడుతుంది. లోపలికీ బయటికీ ఒకే క్రియ ఉన్న భాష మనది. ఇది నాకు ఇవాళే తెలిసింది.

తణుకు

మీ తమ్ముడి పక్షాన ఒకరైనా ఉండాలి కదండి. మనం "రంగు దిగింది", "సారం దిగింది", "డికాషన్ దిగింది" అంటాం. మీరే చెబుతున్నారు, రంగంతా కొయ్యదేనని. కాల్చినప్పుడు కొయ్యలోని చక్కెరలు పాకం కడతాయి. కొయ్యకి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ విరిగి వనిల్లా వాసన ఇచ్చే పదార్థం పుడుతుంది. అవన్నీ సరుకులోకి దిగుతున్నాయి. ఇందులో మాగేదేముంది?

మండపేట

దిగడం ఒక్కటే అయితే మరి బొగ్గు సంగతేమిటండి? ఆ బొగ్గు పొర పచ్చిసరుకులోని గంధకపు కంపుని పీల్చేస్తుంది. డికాషన్‌లో కాఫీపొడి ఇచ్చేదే గాని పుచ్చుకునేది ఉండదు. ఇక్కడ పీపా కొంత ఇస్తోంది, కొంత తీసుకుంటోంది. పైగా పలకల సందుల్లోంచి గాలి లోపలికి వెళ్తుంది, సరుకులో సరుకే కలిసి కొత్త వాసనలు పుడతాయి. అది మాగడమే.

రాజోలు

నేను ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పినవాణ్ణి. మీరందరూ క్రియ కోసం కొట్టుకుంటున్నారు గాని కర్త ఎవరని అడగలేదు. ఊరేది కొయ్య. దిగేది రంగూ వాసనా. మాగేది సరుకు. మూడు వాక్యాలు రాయండి, ముగ్గురూ గెలుస్తారు.

అమలాపురం

మాస్టారూ, పండగ మూడు రోజులు మాకు తట్టనిది మూడు వాక్యాల్లో తేల్చేశారు. అయితే నాకు ఒక్క సవరణ అనిపిస్తోంది. కొయ్యతో పాటు సరుకు కూడా ఊరుతుందనాలి. ఎందుకంటే అక్కయ్యగారు చెప్పిన రెండో దారిలో, అంటే చెలమలో నీరు ఊరినట్టు, కొయ్యలోంచి మళ్లీ బయటికొచ్చేది అదే.

భీమవరం

చిన్న మాట. రై అన్న ధాన్యాన్ని కొందరు అనువాదాల్లో రాగి అని రాసేస్తున్నారు. రాగులు, అంటే మన చోళ్లు, వేరు. రై వేరు. రై గోధుమకి దగ్గర చుట్టం, చలిదేశాల పంట. మనకి పేరు లేదు కాబట్టి రై అనే ఉంచడం మంచిది. ఇంతకీ గోధుమ వేసిందానికీ రై వేసిందానికీ తేడా ఎలా ఉంది? దానికి మీరు ఏ మాటలు వాడారు?

అమలాపురం

మంచి ప్రశ్న అడిగారండి. మా రాత్రంతా దాని మీదే గడిచింది.

గోధుమది నాలిక మీద మెత్తగా పడుతుంది. తాపేశ్వరం కాజా కొరికితే పొరల మధ్యలోంచి పాకం జారినట్టు. దాని తీపి పంచదార తీపి కాదు, తాటిబెల్లం తీపి. చివర్లో కాస్త మాడు తగులుతుంది గాని కమురు కాదు. ఈ తేడా తెలుగులో చెప్పగలగడం నాకు గొప్పగా అనిపించింది. పాకం ఒక్క నిమిషం ఎక్కువ ఉంటే మాడు, నూనె గాని వెంట్రుక గాని కాలితే కమురు. బర్బన్‌లో ఉండేది మొదటిది.

రై వేసిందానికి తమ్ముడు "కారంగా ఉంది" అన్నాడు. పెదనాన్నగారు ఒప్పుకోలేదు. "కారం నాలిక మీదరా. ఇది ముక్కులోకి ఎక్కుతోంది, ఘాటు అను" అన్నారు. మిరియాల చారు సెగ మీద పొంగేటప్పుడు గిన్నె మీదకి వంగితే ముక్కుకి తగిలేదే అది. వెనక లవంగం. 50.5 శాతం కాబట్టి గొంతు దిగేటప్పుడు మంట కూడా ఉంది. అంటే ఒక్క గుటకలో ఘాటు ముక్కుకి, మంట గొంతుకి, చివర వగరు చిగుళ్లకి. వగరు ఎక్కడిదంటే కొయ్యలోని టానిన్. పచ్చి అరటికాయ తొక్క వగరు కాదు, వక్క నమిలాక మిగిలే వగరు. నాలుగు చుక్కలు నీళ్లు కలిపాక మంట తగ్గి లవంగం పైకొచ్చింది.

మూడోదాని గురించి మా నలుగురికీ మాట కుదరలేదు. రెండింటికీ మధ్యలో ఉంది. నాకు నచ్చింది మాత్రం రెండోదే.

రావులపాలెం

నాది ధాన్యం కమీషన్ వ్యాపారం. మీ పీపాల్లోంచి ఏటా కొంత ఆవిరైపోతుందని విన్నాను. దాన్ని దేవదూతల వాటా అంటారట. మనకి హాయిగా "తరుగు" ఉంది కదండి? ధాన్యానికి తేమ తరుగు, బంగారానికి తరుగు, సరుకుకి ఆవిరి తరుగు.

అమలాపురం

నిజమేనండి, కెంటకీలో ఏటా నూటికి సుమారు నాలుగు వంతులు పోతుందంటారు. అక్కడి గిడ్డంగి పై అంతస్తుల్లో వేడికి మద్యం కంటే నీళ్లే ఎక్కువ ఆవిరవుతాయి. అందుకని పీపాలో సరుకు తగ్గినా ఘాటు పెరుగుతుంది. చెమ్మ ఎక్కువుండే స్కాట్లండులో దీనికి తిరగబడి, ఏళ్లు గడిచేకొద్దీ శాతం పడిపోతుంది. తరుగు అన్న మాట పనికొస్తుంది.

మండపేట

తరుగు వద్దండి. ఆ మాట వింటే మా నాన్నగారికి ఇప్పటికీ మనసు పాడవుతుంది. ఒక సీజన్లో ధాన్యం పొడిగా ఉన్నా బస్తాకి ఇంతని తరుగు కోసి చేతిలో పెట్టారు. అందులో నష్టం ఉంది, అన్యాయం ఉంది. ఇష్టంగా వదులుకునేదానికి ఆ పేరు పెట్టకండి.

రాజోలు

అయితే "మేర" అనండి. కళ్లంలో రాశి కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి రెండు, మూడు అని లెక్కపెట్టేవారు గుర్తుందా? ఆ రాశిలోంచే వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, గుడికి తలా కొంత ఇవ్వాల్సిన ధాన్యాన్ని మేర అనేవారు. రైతు దాన్ని పోయిందనుకోడు, చెల్లించాననుకుంటాడు. దేవతల మేర. ఎలా ఉంది?

రావులపాలెం

ఆయ్, నా తరుగు వెనక్కి తీసుకుంటున్నాను మాస్టారూ. మేరే బాగుంది.

పాలకొల్లు

నాదొక్క సందేహం మిగిలింది. ప్రతిసారీ కొత్త పీపాయే కావాలన్నారు. మా ఇంట్లో జాడీ మా అత్తగారి అత్తగారిది, ఇప్పటికీ దాంట్లోనే పెడుతున్నాం. మరి వాళ్ల పాత పీపాలు ఏమవుతాయి?

అమలాపురం

చాలావరకు ఓడలెక్కి స్కాట్లండు వెళ్తాయి అక్కయ్యగారూ. బర్బన్‌కి ఒక్కసారే. అక్కడివాళ్లు అదే పీపాలో తమ విస్కీ పోసి మళ్లీ ఏళ్లకేళ్లు ఉంచుతారు. కొయ్యలో ఇంకిపోయిన బర్బన్ రుచి దాంట్లోకి దిగుతుంది.

పాలకొల్లు

అంటే ఆవకాయ అయిపోయిన జాడీలో వేడన్నం వేసి కలుపుకున్నట్టు. చేత్తో గోడలన్నీ తుడిచి కలుపుతాం, ఆ ముద్ద కోసం పిల్లలు పోట్లాడుకుంటారు. దానికి మా ఊళ్లో పేరు లేదు. మీ వైపు ఏమైనా ఉందా?