ట్యూబ్ వేప్: సర్క్యూట్ ఉన్నది కొనాల్నా, మెకానికల్‌దా?

అన్నలకు నమస్తే. మాది హన్మకొండ, పని దుబాయ్‌ల. సిగరెట్ బంద్ చేసి వేప్ (ఈ-సిగరెట్) పట్టిన. చిన్న పాడ్ వేప్ సరిపోతలేదు, ఎక్కువ పవర్ ఉన్న ట్యూబ్ కొందామని చూస్తున్న.

దుకాణంల రెండు చూపిచ్చిండ్రు. ఒకటి 3000 ఎంఏహెచ్ బ్యాటరీ లోపల్నే ఉన్నది, షార్ట్ అయితే సర్క్యూటే ఆపేస్తది. ఇంకోటి ఇత్తడి మెకానికల్ ట్యూబ్, 18650 సైజు బ్యాటరీ మనమే వేసుకోవాలె. చేతుల పట్టుకుంటే మస్తు బరువు, కింది బటన్ నొక్కితే టక్కుమంటది. మనసంతా దాని మీదనే.

కానీ అండ్ల సర్క్యూటే లేదాయె. ఫుల్ చార్జింగ్ మీద 4.2 వోల్టులు, 0.2 ఓమ్ కాయిల్ (ద్రవాన్ని వేడి చేసే తీగ) అంటే 21 ఆంపియర్లు, దగ్గరదగ్గర 88 వాట్లు. 20 ఆంపియర్ల బ్యాటరీకి అది ఎక్కువే గదా? 0.3 ఓమ్ అయితే 14 ఆంపియర్లే, మరి పొగ బాగ తగ్గుతదా? బటన్ లాక్ చేసి జేబుల వేసుకుంటే నమ్మొచ్చా? బ్యాటరీ గ్యాస్ వదిలితే బయటికి పోయే రంధ్రాలు ఏడ చూడాలె?

ఇంటికి తెచ్చే ముచ్చట లేదు, 2019 చట్టంతోని మన దేశంల దిగుమతి, అమ్మకం బంద్. బతుకమ్మకు వచ్చినప్పుడు ఎట్ల ఉండాల్నో అది వేరే తిప్పలు.

రెండూ వాడినోళ్లుంటే జర చెప్పుండ్రి.