‘1996 ఉప్పెన’ అనవచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. పదో తరగతి చదివే మా అమ్మాయి వ్యాసంలో ‘1996 ఉప్పెన’ అని రాస్తే మాస్టారు ‘తుఫాను’ అని దిద్దారు. రెండూ ఒకటేనా అండి?

జవాబు: ఒకటి కాదండి, మాస్టారు సరిగానే దిద్దారు. తుఫాను గాలిది, ఉప్పెన నీటిది. వెచ్చటి సముద్రం మీద అల్పపీడనం ఏర్పడి, బలపడి వాయుగుండం అవుతుంది. సుడి తిరిగే ఆ గాలి గంటకు 62 కిలోమీటర్ల వేగం అందుకుంటే వాతావరణ శాఖ తుఫాను అంటుంది. ఆ గాలి తోసుకొచ్చిన సముద్రం తీరం మీదికి ఎగదన్నితే అది ఉప్పెన. లోతు తక్కువ తీరం, పల్లపు నేల, పైగా పోటు వేళ అయితే నీరు నది సముద్రంలో కలిసే మొగల్లోంచి, మురుగు కాలువల్లోంచి ఎదురెక్కి చేలల్లో పడుతుంది. ఉప్పు దిగిన చేను మళ్లీ పంటకు రావడం ఎంత కష్టమో డెల్టా రైతుకు చెప్పనక్కరలేదు.

1996 నవంబరు 6 రాత్రి గోదావరి మొగల దగ్గర నీరూ పొంగింది. వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. కానీ కోనసీమ లోపల కొబ్బరి తోటలను నేలకూల్చింది గాలి. అందుకే మొత్తం విపత్తుకు తుఫాను అన్న పేరే సరిపోతుంది. మీ అమ్మాయి ఒక్క తీర గ్రామం గురించే రాసి ఉంటే మాత్రం నేను దిద్దేవాణ్ణి కాను.

ఈ తేడా చెరిగిపోకూడదని నా పట్టుదల. గట్టి ఇల్లు ఉన్నవారు తుఫాను గాలికి తలుపులు బిగించుకుని లోపల ఉండవచ్చు. ఉప్పెన వస్తుందంటే అదే ఇల్లు వదిలి వెళ్లాలి. మన తీరంలో తుఫాను దాటే చోటికి ఉత్తరాన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది కాబట్టి ఉప్పెన భయం అటే ఎక్కువ. ఎన్నికల సభలకు ‘జన ఉప్పెన’ అని శీర్షికలు పెట్టేవారు 1839 నవంబరులో కోరంగి రేవును ముంచేసింది ఈ ఉప్పెనేనని ఒక్కసారి తలచుకోవాలి.

మరొకరు: తుఫాను అచ్చ తెలుగు మాటేనా?

జవాబు: కాదండి, అరబ్బీ, పారసీల మీదుగా వచ్చింది. మన పెద్దవాళ్ల నోట గాలివాన అనే ఉండేది. సైక్లోన్ అయితే ఇంకా కొత్తది. కలకత్తాలో తుఫానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో గ్రీకు మాట నుంచి తెచ్చి పెట్టిన పేరది. ఉప్పెనకు మాత్రం మరో మాట వెతకనక్కరలేదు.