రాతకు కూడా ఏడాది లెక్క వేసుకోవడం ఎలా?

ఎంవీపీ కాలనీ కథకురాలు:

విశాఖ పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తాను. మార్చి 31 వచ్చిందంటే ఆఫీసులో ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి. ఆరేళ్లుగా రాస్తున్న కథలకు మాత్రం ఏ లెక్కా లేదు. రాసినవి 22, అచ్చయినవి 9. మిగతా 13లో ఏది ఎక్కడికి పంపానో అడిగితే చెప్పలేను.

2023లో సొంతంగా పుస్తకం వేశాను. 128 పేజీలు, 500 కాపీలు. డీటీపీ, ముఖచిత్రం, అచ్చు కలిపి 46 వేలు. వెల 150. చేతిమీద 120 అమ్మాను. షాపుల్లో 70 పోయాయి, 40 శాతం కమీషన్ పోగా కాపీకి 90 వచ్చింది. ఊరికే ఇచ్చినవి 60. మొత్తం తిరిగొచ్చింది 24,300. మిగిలిన 250 మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. నిన్న ఒక పెట్టె తెరిస్తే, సముద్రపు గాలికి పైనున్న కాపీల అట్టలు దొప్పల్లా పైకి లేచిపోయాయి. చాలా బాధేసింది.

ఈ ఉగాది నుంచి రాతను వ్యాపారంలా పద్ధతిగా నడపాలని ఉంది. ఏడాదికి ఒక నవల, 12 కథలు, రెండు బహుమతులు, లక్ష రూపాయల ఆదాయం అనుకున్నాను. ఉద్యోగం మానేస్తే తప్ప కుదరదేమో అని కూడా అనిపిస్తోంది. ఈ మధ్య ఒక ఆడియో ఛానల్ వాళ్లు మూడు కథలు అడిగారు. కథకు వెయ్యి ఇస్తారట, హక్కులన్నీ వాళ్లకేనట. ఒప్పుకోమంటారా?

పాత ప్రెస్సు మనిషి, డాబాగార్డెన్స్:

అమ్మా, ముప్పై ఏళ్లు ప్రెస్సు నడిపాను. ఇలాంటి పెట్టెలు చాలా ఇళ్లలో చూశాను. బహుమతులు మీ చేతిలో లేవు. దాన్ని కొట్టేసి ‘పోటీలకు మూడు కథలు పంపుతాను’ అని రాసుకోండి. అది మీరు చేయగల పని. ఉద్యోగం చేస్తూ ఒకే ఏడాది నవలా, 12 కథలూ అంటే రెండూ సగంలో ఆగుతాయి. నవల పెట్టుకుంటే నాలుగు కథలు చాలు.

తేదీలు చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో జరుగుతుంది. దానికి అందాలంటే డిసెంబరు మొదటి వారానికి అచ్చు అయిపోవాలి. నవంబరంతా ప్రూఫులకే సరిపోతుంది. అంటే దసరాకల్లా రాతప్రతి డీటీపీకి చేరాలి. యూనికోడ్‌లో టైపు చేసింది ప్రెస్సుల్లో వాడే ‘అను’ ఫాంట్లలోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోతుంటాయి, మూడు ప్రూఫులు తప్పవు. మూడో ప్రూఫుకు టైమ్ లేక మంచి పుస్తకాలు తప్పులతో బయటికి వెళ్లడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఈసారి 500 వద్దు. డిజిటల్‌లో 100 వేయించండి. కాపీకి ఎక్కువే పడుతుంది, పడనివ్వండి.

ఉద్యోగం మాత్రం మానొద్దు. రావిశాస్త్రి గారు ఈ ఊళ్లోనే వకీలుగా ప్రాక్టీసు చేస్తూ రాశారు. కోర్టుల్లో చూసిన మనుషులే ఆయన కథల్లోకి వచ్చారు. మీ పోర్టు దగ్గర కథలు లేవంటారా?

సీతమ్మధార లాయరు:

అక్కా, ఆ ఆడియో వాళ్లకు ఇప్పుడే ఒప్పుకోకండి. అకౌంట్స్ లెక్కన చెప్పాలంటే మీ అసలు స్టాకు ఆ 22 కథల హక్కులు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. కానీ ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న దాని కింద సంతకం పెట్టాక ఈ రెండూ మీకు పనికిరావు.

ఆడియో హక్కు ఒక్కటే, తెలుగులోనే, మూడేళ్లకు అని మీరే రాసి పంపండి. అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ మీ దగ్గరే ఉంటాయని ఒక వాక్యం చేర్చండి. వెయ్యికి అది చాలు.

ఎంవీపీ కాలనీ కథకురాలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. రాత్రి ఎక్సెల్ షీటు తెరిచాను. కథ పేరు, పంపిన చోటు, తేదీ, ఫలితం, ఏ హక్కు ఎవరి దగ్గర ఉంది. పాత మెయిళ్లన్నీ వెతికాక తెలిసింది, ఆ 13లో ఐదు కథలు అసలు ఎక్కడికీ పంపనేలేదు. ఎవరికీ నచ్చలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకదాన్ని మళ్లీ చదివి, ఒక్క పేరా మార్చి, కథ నా సొంతమేనన్న హామీపత్రం జతచేసి పొద్దున్నే ఒక వారపత్రికకు పంపాను. నవలకు రోజూ 5 నుంచి 6.15 వరకు. ఏడింటికి బాబు ఆటో వచ్చేస్తుంది. లక్ష అన్న మాట కొట్టేశాను. దాని చోట మంచం కింద ఉన్న వాటిలో 60 కాపీలు అమ్మడం అని రాసుకున్నాను.

ప్రెస్సు బాబాయ్ గారూ, ఆ లేచిపోయిన అట్టలు మళ్లీ సర్దుకుంటాయా?

పాత ప్రెస్సు మనిషి:

చాలావరకు సర్దుకుంటాయమ్మా. ఎండలో మాత్రం పెట్టొద్దు. పదేసి కాపీలు వెన్నులు అటూ ఇటూ మార్చి పేర్చి, పైన చెక్కపలక, దాని మీద బియ్యం బస్తా పెట్టి వారం కదపకండి. తర్వాత పెట్టెల్ని నేల మీంచి తీసి అలమరలో పెట్టండి. ఆ 60లో రెండు నాకు. పూర్తి వెలకే.