మున్సిపాలిటీ అభిప్రాయ సర్వేల వల్ల నిజంగా ఏమైనా మారిందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

వీధిదీపం:
మా మున్సిపాలిటీ నుంచి సర్వే ఫారం వచ్చింది. రోడ్లు, నీళ్లు, చెత్త, పార్కులు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వెయ్యాలట. నింపి ఇచ్చాను. ఆ తర్వాత అది బడ్జెట్ దాకా వెళ్తుందా, బీరువాలోకి వెళ్తుందా? ఆఫీసు లోపల పనిచేసినవాళ్లు ఉంటే మరీ మంచిది.

పాత గుమాస్తా:
ఈ సర్వేలు చూసే విభాగంలో కొన్నేళ్లు చేశానండి. వెళ్తుంది, కానీ మార్కులు నేరుగా నిర్ణయం కావు. రెండు ప్రశ్నలు కలిపి చూస్తాం: ఈ సేవ మీద ఎంత తృప్తి, ఇది మీకు ఎంత ముఖ్యం. పార్కులకు తక్కువ మార్కులొచ్చినా ముఖ్యం అన్నవాళ్లు కొద్దిమందే ఉండొచ్చు. డ్రైనేజీకి ఓ మోస్తరు మార్కులే వచ్చినా దాదాపు అందరూ ముఖ్యం అంటారు. అప్పుడు డబ్బు డ్రైనేజీకే వెళ్తుంది. ఒక్క సర్వే కంటే ఏటేటా అదే ప్రశ్న, అదే మాటలతో అడిగితేనే అసలు లాభం. మా దగ్గర ఓ కొత్త అధికారి వచ్చి ప్రశ్నలన్నీ "బాగుచేశారు". దాంతో పాత ఏళ్లతో పోల్చడానికి ఏమీ మిగల్లేదు.

లెక్కలపిచ్చి:
ఎంతమంది జవాబిచ్చారన్న దానికంటే వాళ్లను ఎలా ఎంచారన్నది ముఖ్యం. లాటరీ పద్ధతిలో తీసిన 400 మంది చెబితే, ఊరు ఎంత పెద్దదైనా పొరపాటు అటూ ఇటూ 5 శాతం లోపే ఉండే అవకాశం 95 శాతం. అదే లింకు పంచితే వేలమంది నింపినా నమ్మలేం, కోపం ఉన్నవాళ్లే ముందు నింపుతారు. 1936 అమెరికా ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి దాకా ఫారాలు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని తేల్చింది. ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48లో 46 రాష్ట్రాలు గెలిచాడు!

ఇంకో తిరకాసు. ఆ 400 మందినే 20 వార్డులకు పంచి "ఫలానా వార్డు వాళ్లకు సంతృప్తి లేదు" అని రాస్తారు. వార్డుకు 20 మంది. పొరపాటు 22 శాతం దాకా పోతుంది. ఆ పట్టిక చూసి రోడ్డు వెయ్యడం, ఆపడం రెండూ తప్పే.

నోరున్నోడు:
మా దగ్గర పార్కింగ్ భవనానికి టెండరు పిలిచాక సర్వే పెట్టారు. "ట్రాఫిక్ తగ్గించే ఆధునిక పార్కింగ్ కావాలా?" అని. వద్దనేవాడెవడు? దానికి ఎంత ఖర్చు, ఏ పని ఆగుతుంది, పన్ను పెరుగుతుందా అన్నది ఒక్క ముక్క లేదు. తర్వాత "ప్రజల మద్దతు ఉంది" అని ప్రకటన.

అద్దెఇల్లు:
మాలాంటివాళ్లను అసలు అడగరు. ఇంటి పన్ను జాబితాలోంచి పేర్లు తీస్తే అద్దెకున్నవాళ్లు రారు. పగలు తలుపు కొడితే పనికెళ్లినవాళ్లు దొరకరు.

లెక్కలపిచ్చి:
@అద్దెఇల్లు నిజమే. తక్కువగా వచ్చిన వర్గాల జవాబులకు లెక్కలో బరువు పెంచుతారు, అంటే వాళ్ల ఒక్కో జవాబును ఒకటి కంటే ఎక్కువగా లెక్కేస్తారు. కానీ ఆ వర్గం నుంచి ఎవరూ రాకపోతే పెంచడానికి ఏముంటుంది?

కాగితంపులి:
బెంగళూరు సంగతి చెప్పాలి. అక్కడ ఓ పౌర బృందం 1994లో పౌర సేవలకు ప్రజలిచ్చిన మార్కులతో రిపోర్ట్ కార్డు బయటపెట్టింది. మార్కులు దారుణం. 1999లో, 2003లో పబ్లిక్ అఫైర్స్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థ మళ్లీ చేసింది. మూడోసారికి సంతృప్తి బాగా పెరిగింది. అంతా సర్వే ఘనతే అనను, కానీ ఏ సంస్థకు ఎన్ని మార్కులో అందరి ముందూ పెట్టడం పనిచేసిందని నా నమ్మకం. సర్వే చేయించింది మార్కులు పడే ఆఫీసు కాకపోవడం కూడా!

పాత గుమాస్తా:
ఇంకొకటి. బస్సు ఎక్కనివాళ్లు కూడా బస్సులకు మార్కులు వేస్తారు. వాడేవాళ్ల జవాబులు విడిగా తీస్తే బొమ్మ మారిపోతుంది. ఫిర్యాదుల రిజిస్టరు పక్కన పెట్టుకోకుండా సర్వే ఒక్కటే చదివితే సగమే తెలుస్తుంది.

వీధిదీపం:
చాలా థాంక్సండీ. ఆఫీసుకెళ్లి ఏం అడగాలి?

పాత గుమాస్తా:
పేర్లు ఏ జాబితాలోంచి తీశారు, ఎంతమందికి పంపితే ఎంతమంది ఇచ్చారు, పోయినసారి ఫలితాలు ఎక్కడ. వీటికంటే ముందు, కౌన్సిల్లో ఈ ఫలితాలు చర్చకొచ్చే సమావేశం తేదీ అడగండి. తేదీ చెప్పలేకపోతే మీ ఫారం బీరువాలోనే ఉన్నట్టు లెక్క.