అప్‌డేట్: ‘పింగళి’ ఇంటిపేరున్న ప్రముఖులు

చెన్నైలో మా తెలుగు పిల్లల ఉగాది క్విజ్ కోసం, పింగళి ఇంటిపేరున్న ప్రముఖులెవరని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

చివరికి నలుగురిని తీసుకున్నాం: 16వ శతాబ్దపు కవి సూరన, 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన వెంకయ్య, సాహిత్య పండితుడు లక్ష్మీకాంతం, సినీ రచయిత నాగేంద్రరావు. పిల్లలకు బాగా నచ్చింది నాగేంద్రరావుగారే. ఆయన మాటలు, పాటలు రాసిన ‘మాయాబజార్’ (1957) మన వడపళనిలోని వాహినీ స్టూడియోలో తీశారని చెప్పగానే ఒకటే ప్రశ్నలు! నాకెంత సంతోషమేసిందో.

వీళ్లంతా చుట్టాలా అని ఒకరు అడిగారు. మన ఇంటిపేర్లు చాలావరకు ఊరి పేర్ల నుంచి వచ్చినవే. పేరొక్కటే చూసి బంధుత్వం కలపలేం. అందుకే ఆ ప్రశ్న పెట్టలేదు.