ఇంగ్లిషు ‘కాట్’ మన మంచమేనా?

ప్రశ్న: మంచానికి వాడే ‘కాట్’ అన్న మాటను పాత ఇంగ్లిషు కవిత్వంలో గుడిసెకు కూడా వాడటం గమనించాను. రెండూ ఒకటేనా? తెలిసిన పెద్దలు వివరించగలరు.

జవాబు: కావండి. గుడిసె అనే అర్థమున్నది ప్రాచీన ఇంగ్లిషు మాట. ‘కాటేజ్’ దానికి చుట్టమే. మంచం అనే అర్థమున్నది మాత్రం 17వ శతాబ్దంలో హిందీ ‘ఖాట్’ నుంచి వెళ్ళింది, దానికి మూలం సంస్కృత ‘ఖట్వ’. శివుడి ఖట్వాంగంలో మనకు వినిపించేది ఆ మాటే.

మరొక జవాబు: తమిళ, మలయాళాల్లో మంచాన్ని ‘కట్టిల్’ అంటారు కాబట్టి, ‘ఖట్వ’ ద్రావిడ భాషల నుంచే సంస్కృతానికి చేరిందని కొందరు భాషావేత్తల అభిప్రాయం. మంచం కోళ్ళకు పట్టెలు బిగించి, నులకను లాగి లాగి కట్టడం దగ్గరగా చూసినవాణ్ణి కనుక, ‘కట్టు’తో దానికి సంబంధం ఉందన్న ఊహ నాకు ఎంతో సహజంగా తోస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. బ్రిటన్‌లో అది పసిపిల్లల మంచం, అమెరికాలో మడత మంచం ఎందుకైందో కూడా ఎవరైనా చెప్పగలరా?