కాలేజీలో ఉండగా లోగో, వెబ్‌సైట్ పని ఫ్రీగా చేయాలా?

పెన్నా_గట్టు:
కడపలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నా. ఏడాదిగా వెబ్ పేజీలు కట్టే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ సొంతంగా నేర్చుకుంటున్నా. ఏడు రోడ్ల దగ్గర నేను రోజూ కారం దోశ తినే హోటలాయన నిన్న అడిగాడు: "మాకొక లోగో గీసి, వెబ్‌సైట్ పెట్టు. నేర్చుకునేటోనివి, నీకు డబ్బులెందుకబ్బా?" రూమ్మేట్ చేసేయమంటున్నాడు. నాకేమో మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?

సీమ_బిడ్డ:
చేసేయ్ తమ్ముడూ. నేనూ మొదటి మూడు పనులకు రూపాయి తీసుకోలేదు. నాలుగో మనిషి వాటిని చూసే వచ్చాడు. నైకీ గుర్తు గీసిన కారొలిన్ డేవిడ్‌సన్ కూడా 1971లో పోర్ట్‌లండ్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థినే. ఆమెకు ముట్టింది 35 డాలర్లు. చేయి తిరగాలంటే పని కావాలి, ముందే బేరం పెడితే ఆ పని కూడా రాదు.

అచ్చు_సిరా:
అన్నా, ఆ ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది. ఆమె గంటకు 2 డాలర్ల లెక్కన పనిచేసింది. తక్కువే, కానీ ఫ్రీ కాదు. 1983లో ఆ కంపెనీ ఆమెకు షేర్లు కూడా ఇచ్చింది.

నా అనుభవం చెబుతా. చదువుకునేటప్పుడు ఒక బట్టల షాపుకు ఫ్రీగా సైట్ చేశా. డొమైన్, అంటే సైట్ అడ్రస్, నా మెయిల్ మీదే తీసుకున్నా. చదువు అయిపోయింది, బెంగళూరు వెళ్లిపోయా, రెన్యువల్ మర్చిపోయా. ఆయన క్యారీ బ్యాగుల మీద, బిల్లు పుస్తకాల మీద ఆ అడ్రస్సే అచ్చేసి ఉంది. సైట్ మాత్రం లేదు. తిట్టలేదు, "నువ్వేం చేస్తావులే, డబ్బు తీసుకున్నావా ఏమన్నా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఫ్రీ పనికి మొదలూ చివరా ఉండవు. ఎన్ని మార్పులు చేయాలో, రెన్యువల్ ఎవరు కట్టాలో, ఫైళ్లు ఎవరి దగ్గర ఉండాలో ఎవరూ మాట్లాడుకోరు. వెయ్యి రూపాయలైనా సరే, చేతులు మారితే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఒక కాగితం మీద రాసుకోండి. డొమైన్ మాత్రం ఆయన పేరు మీదే, ఆయన మెయిల్‌తోనే తీసుకోండి.

సీమ_బిడ్డ:
డొమైన్ సంగతి ఒప్పుకుంటా. కానీ అది రాసుకోకపోవడం వల్ల వచ్చిన తప్పు, డబ్బు తీసుకోకపోవడం వల్ల కాదు. ఫ్రీగా చేస్తూ కూడా రాసుకోవచ్చు కదా?

అచ్చు_సిరా:
రాసుకోవచ్చు. ఫ్రీ పనికి కాగితం అడిగిన విద్యార్థిని నేనింతవరకు చూడలేదు.

కుంచె_కడప:
మీరిద్దరూ డబ్బు దగ్గరే ఆగిపోయారు. నేను ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని. ఆ హోటల్ ఏదో నాకు తెలుసనుకుంటా. పెయింటర్ చేత్తో రాసిన పాత బోర్డే కదా? "దోశ"లో దో మీది ఓత్వం సాగి, శ మీదుగా వెళ్లి, పెనం మీద పొగలాగా పైకి లేస్తుంది. ఆ హోటల్ లోగో అదే. అది వదిలేసి కాన్వా యాప్‌లోని రెడీమేడ్ టెంప్లేట్‌లో గరిటె, చెఫ్ టోపీ పెడితే డబ్బు తీసుకున్నా దండగే. పైగా టెంప్లేట్ బొమ్మ ఇంకో వంద హోటళ్లకూ ఉండొచ్చు, దాన్ని ట్రేడ్‌మార్క్ చేసుకోలేరు.

ఆ అక్షరాన్ని ఇంక్‌స్కేప్‌లో వెక్టర్‌గా, అంటే ఎంత పెద్దది చేసినా చెదరని గీతల బొమ్మగా గీయి. వాట్సాప్‌లో వచ్చిన జేపీజీని పది అడుగుల ఫ్లెక్స్‌కు సాగదీస్తే అంచులు మెట్లు మెట్లుగా పగులుతాయి, వెక్టర్‌కు ఆ బాధ లేదు. ఇంకో సంగతి, ఫోన్‌లో మెరిసే ఎరుపు ఫ్లెక్స్ మీద అలాగే రాదు. స్క్రీన్ రంగులు వెలుగుతో వస్తాయి, అచ్చు రంగులు సిరాతో. ముందు చిన్న ముక్క ప్రింట్ తీసి చూడు.

అచ్చు_సిరా:
అమ్మాయి చెప్పింది నిజం. ఒకటి కలుపుతా. ఆయన మెనూ ఏ డీటీపీ షాపులోనో అను ఫాంట్లలో టైప్ చేయించి ఉంటాడు. అది యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదివే అక్షరాల కోడ్) కాదు, వెబ్‌సైట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. మళ్లీ టైప్ చేయాల్సిందే. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. సైట్ ఒక్క పేజీ చాలు: మెనూ, వేళలు, ఫోన్ నంబరు, మ్యాప్. ఫొటోలు ఫోన్‌లో తీసినవి తీసినట్టు ఎక్కించొద్దు, సైజు తగ్గించు.

పెన్నా_గట్టు:
ఈరోజు వెళ్లి మాట్లాడా. లోగోకు 1,500 అడిగితే 1,000కి ఒప్పుకున్నాడు. "వెబ్‌సైట్‌కు డబ్బులియ్యను, దోశలు పెడతా" అన్నాడు. దానికి ఇంకా ఏమీ చెప్పలేదు. డొమైన్ తన పేరు మీదే అంటే మాత్రం సంతోషపడ్డాడు. బోర్డు రాసిన పెయింటర్ ఇప్పుడు లేడట. రేపు పొద్దున హోటల్ తెరవకముందే నిచ్చెన వేయిస్తానన్నాడు. ట్రేసింగ్ పేపర్ కొనుక్కొచ్చా.